జీడిపండు రంగు

ఉద్దానంలో కొబ్బరితోటల నడుమ ఒక ఊళ్ళో గిరిబాబు అనే రైతున్నాడు. రెండెకరాల కొబ్బరి, ఎకరం జీడితోట. వయసు నలభై ఆరు. అతని తండ్రి యాభై దాటకుండానే పోయాడు. అప్పట్లో ఆ జబ్బుకి ఊళ్ళో పేరు లేదు. ఒళ్ళు నీరుపట్టి పోయాడన్నారు. మూడేళ్ళకి చిన్నాన్న కూడా అలాగే పోయాడు. ఆ తర్వాత పేరు తెలిసింది, కిడ్నీలని. పేరు తెలిసినంత మాత్రాన చావులు ఆగలేదు. ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి నూతుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. ఇందుకొస్తోంది అని తేల్చి చెప్పిన వాళ్ళు మాత్రం ఇంతవరకూ ఊళ్ళోకి రాలేదు.

అక్క లక్ష్మణమ్మను ఇచ్చింది ఊళ్ళోనే, రెండిళ్ళ అవతల. ఆమె భర్త జోగయ్య మంచి మాటకారి. గిరిబాబుకి ఈత నేర్పింది అతనే. తండ్రి పోయిన ఏడాది జీడిగింజలు దగ్గరుండి ఏరించి, ఎండబెట్టించి, బస్తాలకెత్తించింది కూడా అతనే. ఆ జోగయ్యకి యాభై రెండో ఏట కాళ్ళు వాచాయి. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు, సోమ బుధ శుక్రవారాలు, పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం కడిగించాలి. ఆటోలో కుదుపులకి వాంతులు చేసుకుంటుంటే చూడలేక, రిటైరైన ఒక మాస్టారి దగ్గర ఇరవయ్యేళ్ళ పాత కారు కొన్నాడు గిరిబాబు. తోటల్లో చెట్లకి రాసుకుంటూ నెల్లాళ్ళలో డ్రైవింగ్ నేర్చుకున్నాడు.

ఆస్పత్రిలో అతను చేసేదేమీ లేదు. బావ లోపల నాలుగు గంటలు మంచం మీద పడుకుంటాడు, ఇతను బయట బెంచీ మీద కూర్చుంటాడు. లోపలి వాళ్ళకి మిషన్లు తెలుసు, మందులు తెలుసు. తనకి తెలిసిందల్లా బండి తోలడం.

ఆ కారు తెల్లది. ఉప్పుగాలికి తలుపుల కింద, చక్రాల మీద తుప్పు పట్టి పొక్కులు లేచాయి. ఊళ్ళో వాళ్ళకి అది కారుగా కనబడడం ఎప్పుడో మానేసింది. అది వస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. పిల్లలు ‘డయాలసిస్ బండి’ అనేవారు. ఒకరోజు రామాలయం మలుపులో ఒక ముసలామె కారుకి ఎదురొచ్చి, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. జోగయ్య అద్దం దించి తల బయటికి పెట్టాడు.

“ఒలే ముసలీ, నాను ఇంకా పోనేదే! ఏటలగ సూత్తన్నావు?”

ఆమె నవ్వలేదు. జోగయ్య అద్దం ఎత్తేసుకున్నాడు. హైవే ఎక్కాక అన్నాడు.

“ఒరే గిరీ, ఈ తెలుపు తీసీరా. శవాల బండిలాగున్నాది. మంచి రంగెయ్యి.”

“ఏ రంగెయ్యమంతావు బావా?”

“జీడిపండు రంగు. బాగా మిగలపండిన పండు రంగు.”

ఏడాదిన్నరలో బావ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. రక్తం కడగడం తన వల్ల కాదు, రంగెయ్యడం ఎందుకు కాదు? షెడ్డులో ఇస్తే పదిహేను రోజులు ఉంచుకుంటామన్నారు. పదిహేను రోజులు కారు లేకుండా కుదరదు. ఇంట్లోనే వేస్తానన్నాడు గిరిబాబు. భార్య దేవి, “నువ్వెప్పుడైనా గోడకి సున్నమైనా ఎట్టీవా?” అంది. ఫోన్లో వీడియోలు చూశాడు. వాటిల్లో కుర్రాళ్ళు పాటలు పెట్టుకుని అరగంటలో కారుని అద్దంలా చేసేస్తున్నారు.

చైత్రమాసం. జీడిచెట్లు విరగకాసి ఉన్నాయి. ఎర్రగా పండిన ఒక పండు కోసుకుని సోంపేట వెళ్ళి రంగుల కొట్లో బల్ల మీద పెట్టాడు. కొట్టతను పండుని, ఇతన్ని మార్చి మార్చి చూశాడు.

“కారు రంగండీ. ఇలగుండాలి,” అన్నాడు గిరిబాబు.

కొట్టతను ఎరుపులో పసుపు కలిపి, అట్టముక్క మీద రాసి, పండు పక్కన పెట్టి, మళ్ళీ కలిపి, నాలుగోసారికి తీసుకొచ్చాడు. పుట్టీ, ప్రైమర్, థిన్నర్, నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితాలు కూడా కట్టి ఇచ్చాడు. “మబ్బుగా ఉన్న రోజు ఎయ్యకండి. గాలిలో తేముంటే రంగు సెడిపోద్ది,” అని మరీ చెప్పాడు. సముద్రానికి రెండు మైళ్ళలో ఉన్న ఊళ్ళో గాలిలో తేమ లేని రోజు ఏదో గిరిబాబు అడగలేదు.

మంగళ, గురువారాల్లో పని మొదలుపెట్టాడు. కారు ఇంటి వెనక జీడితోట అంచున పెట్టి, బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకుని, గరుకు కాగితంతో రుద్దేవాడు. గీకితే తుప్పు పోతుందనుకున్నాడు. గీకుతుంటే కారే పోయేటట్టుంది. పైన చిన్న పొక్కు, కింద రూపాయి బిళ్ళంత కన్నం. ముందు తలుపు అడుగున స్క్రూడ్రైవరు ఆనిస్తే అప్పడంలా విరిగి లోపలికి దిగిపోయింది. ఏ కన్నం మూసినా దాని పక్కన ఇంకో చోట రేకు మెత్తగా తగిలేది. రేకు ముక్కలు అతికించి, పుట్టీ మెత్తి, ఆరాక మళ్ళీ రుద్దేవాడు. వేళ్ళ చివర్లు ఒలిచిపోయాయి.

జోగయ్య నులకమంచం మీద కూర్చుని పెత్తనం చేసేవాడు. “అక్కడ ఎత్తుగున్నాది. సెయ్యెట్టి సూడు, కంటితో సూడకు.” తను లేచి వచ్చి అరచేత్తో రేకు తడిమేవాడు. అయిదు నిమిషాలకి ఆయాసపడి మళ్ళీ మంచం ఎక్కేవాడు. మచ్చల మచ్చల కారులోనే సోమ బుధ శుక్రవారాలు ఆస్పత్రికి వెళ్ళారు. ఆ మూడు వారాలూ అరుగుల మీద మాటలు ఆగలేదు. “ఏటిరా ఇది, సిరతపులిలాగున్నాది?” అని అడిగిన వాళ్ళకి జోగయ్య అద్దం దించి ఓపిగ్గా చెప్పేవాడు, ఏం రంగు రాబోతోందో.

అసలు రంగు వెయ్యడానికి శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా ఉన్న ఖాళీయే దిక్కు. పంక్చర్ల కొట్టు నుంచి గాలి మిషనూ, దానికి తగిలించి రంగు చిమ్మే గన్నూ తెచ్చాడు. రెండు కొబ్బరి చెట్ల మధ్య టార్పాలిన్ కట్టి, దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లి, అద్దాలకీ లైట్లకీ పాత పేపర్లు అంటించాడు. థిన్నరు వాసన తగలకుండా బావ మంచం గాలికి ఎగువన, దూరంగా వేయించాడు.

శనివారం ప్రైమర్ బాగానే పడింది. ఆదివారం పొద్దున్న మొదటి వరస రంగు. ముందు బానెట్ మీద గన్ను తిప్పాడు. పండు రంగు పడింది. అచ్చం అదే రంగు. మంచం మీంచి జోగయ్య, “ఓలమ్మో!” అని అరిచాడు. పది నిమిషాలు గడిచాయి. సముద్రం మీంచి చెమ్మగాలి తిరిగింది. నిగనిగలాడుతున్న రంగు మీద పాలు విరిగినట్టు తెల్లటి పొర కమ్ముకుంది. చూస్తుండగానే బానెట్ అంతా మసకబారింది. గాలి మిషనులో చేరిన నీళ్ళు గన్నులోంచి చుక్కలు చుక్కలుగా చిమ్మి, తలుపుల మీద మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. దట్టంగా కొడితే కప్పుకుపోతుందేమోనని ఇంకో వరస కొట్టాడు. అది కన్నీళ్ళలా ధారలు కట్టి కిందికి జారింది. తుడిస్తే అడుగుదాకా ఊడొచ్చింది. జీడిపూత మీది పురుగులు వచ్చి తడి రంగులో అతుక్కున్నాయి. ఏరబోతే వేలి గుర్తు పడుతోంది, ఏరకపోతే పురుగు అక్కడే ఎండుతోంది. ఎండ మాడ్చేస్తోంది. మధ్యలో నాలుగు బొండాలు కొట్టుకుని, థిన్నరు తగలకుండా మంచం వైపు నీడలో పెట్టుకున్నాడు. ఎప్పుడు తాగాడో, ఎన్ని తాగాడో అతనికి ధ్యాసే లేదు.

మూడు గంటలవేళ లక్ష్మణమ్మ కేక వినపడింది.

“తమ్ముడా! మీ బావ సూడరా, కాళ్ళు సచ్చుబడిపోనాయంతన్నాడు!”

జోగయ్య మంచం మీద ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. నుదుటి మీద చెమట. “గుండెకాడ ఏటో తప్పుతన్నట్టున్నాదిరా,” అన్నాడు. లేపబోతే కాళ్ళు నిలవడం లేదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఇంకో రోగిని తీసుకుని శ్రీకాకుళం వెళ్ళిందని, వచ్చేసరికి గంట దాటుతుందని చెప్పారు. ఊళ్ళో ఉన్న రెండు ఆటోలూ పెళ్ళికి వెళ్ళాయి.

ముందు అద్దం మీద పేపర్లు గిరిబాబు రెండు చేతులా పీకేశాడు. సగం పేపరు అద్దానికే అతుక్కుపోయింది. తడి తలుపులు తెరిచి బావని వెనక సీట్లోకి ఎక్కించారు. లక్ష్మణమ్మ చీరంతా రంగు. జోగయ్య పంచెకి రంగు. స్టీరింగు చేతులకి అంటుకుంటోంది. పట్నం దాకా అరగంట, అద్దంలో మిగిలిన జానెడు సందులోంచి తల వంచి చూస్తూ తోలాడు. వెనక అక్క, “మాటాడయ్యా, మాటాడు,” అంటూనే ఉంది.

ఆస్పత్రిలో స్ట్రెచర్ లోపలికి పోయింది. వెంటవెళ్ళబోతే నర్సు ఆపింది. “మీ సేతులకి అదేటండీ? రక్తమా?”

“రంగమ్మా.”

“అయితే దేన్నీ ముట్టుకోకండి. బయటుండండి.”

తలుపుకి ఉన్న గాజు ముక్కలోంచి చూస్తూ నిలబడ్డాడు. చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. గోడకి ఆనుకోడానికి లేదు, బెంచీ మీద కూర్చోడానికి లేదు, ఏడుస్తున్న అక్క భుజం మీద చెయ్యి వెయ్యడానికి లేదు. లోపల ఎవరో పరిగెడుతున్నారు. మిషను కూత పెడుతోంది.

కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. “రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. గుండె ఆగిపోయేదే. ఏం తాగారు ఈరోజు?”

“ఏటీ తాగనేదమ్మా,” అంది లక్ష్మణమ్మ. “మంచినీలు కూడా నానే గలాసుతో కొలిసి ఇస్తన్నాను.”

“కొబ్బరినీళ్ళు ఏమైనా?”

“అయ్యో, మొదటి రోజే వొద్దని సెప్పీసినారు కదమ్మా. ఆ సాయలకే ఎల్నివ్వను.”

గిరిబాబుకి అప్పుడు గుర్తొచ్చాయి బొండాలు. తను కొట్టింది నాలుగు బొండాలు. ఇప్పుడు లెక్కపెట్టుకుంటే తాగింది మూడే. నాలుగోది ఎక్కడుందో అతని కళ్ళకి కట్టింది. మంచం కోడు పక్కన బోర్లా పడి ఉంది.

దీపాలు పెట్టే వేళకి జోగయ్య కళ్ళు తెరిచాడు. మిషను తిరుగుతూనే ఉంది. ఈలోపు థిన్నరు లేక కిరసనాయిలు తెప్పించుకుని కడిగితే గిరిబాబు చేతులు కొంత తేటపడ్డాయి. లోపలికి రానిచ్చారు.

“బొండం తాగినావేటి బావా?”

“తాగీసినాను.”

“ఎందుకు బావా? తెలుసు కదా నీకు.”

“దాహం ఏసిందిరా. ఏడాదిన్నర బట్టీ ఏస్తానే ఉన్నాది.”

“నాకు సెప్పకపోనావా?”

“సెప్తే ఇచ్చీవోడివేటి?”

గిరిబాబు బావ కాళ్ళ మీది దుప్పటి సర్దాడు. జోగయ్యే మళ్ళీ అన్నాడు. “నువ్వు అటు తిరిగి రంగేసుకుంతన్నావు. నాను ఇటు తిరిగి తాగీసినాను. మీ అక్కకి మటుకు సెప్పకు. నిన్ను సంపేస్తాది.”

లక్ష్మణమ్మ మంచం అవతలి పక్కనే నిలబడి ఉంది. ఇద్దర్నీ చూసింది. మొగుడి పంచె మీద ఎండిపోయిన రంగుని గోటితో గీకుతూ కూర్చుంది.

మర్నాడు ఇంటికొచ్చేసరికి కారు పూర్తిగా ఆరిపోయింది. హైవే దుమ్మంతా రంగులో గట్టిపడి కూర్చుంది. వెనక తలుపు మీద లక్ష్మణమ్మ అయిదు వేళ్ళూ పడ్డాయి. మళ్ళీ రుద్ది మొదట్నించీ వెయ్యాలంటే కారుని రెండు రోజులు పక్కన పెట్టాలి. ఆ రెండు రోజుల ధైర్యం గిరిబాబుకి మళ్ళీ రాలేదు. రంగు డబ్బా అడుగున మిగిలింది గడ్డకట్టింది. జోగయ్య కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎక్కుతూ దిగుతూ ఒకటి రెండుసార్లు అరచేత్తో బానెట్ నిమిరాడు.

ఆషాఢం వెళ్ళకుండానే, ఒక గురువారం పొద్దున్న, పీట మీద కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ జోగయ్య ముందుకి వాలిపోయాడు. లక్ష్మణమ్మ కేకకి గిరిబాబు పరుగెత్తుకొచ్చేసరికి అయిపోయింది. కారు తియ్యవలసిన పనే లేకపోయింది.

నెలా పదిరోజులు కారు కదల్లేదు. అమ్మేద్దామనుకున్నాడు, ఎవర్నీ అడగలేదు. “నువ్వొకపాలి రకతం పరీచ్చ సేయించుకో,” అని దేవి రోజూ అంటోంది. రేపెల్తాను, ఎల్లుండెల్తాను అంటున్నాడు. పొద్దున్న లేచి చెప్పులు తొడుక్కునేటప్పుడు కాళ్ళు వాచాయేమోనని ఒకసారి నొక్కి చూసుకుంటాడు. ఆ సంగతి దేవికి తెలియనివ్వడు.

శ్రావణంలో ఒక సాయంత్రం పక్కవీధి లక్ష్మీనరసమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఆస్పత్రి కాగితాలున్నాయి. లోపలికి రమ్మన్నా రాలేదు.

“బాబూ, మా విజయ్‌కి రేపట్నుంచి మొదలెడతామన్నారు. సోమారం, బుధారం, సుక్కురారం. నువ్వు వత్తావేటి?”

విజయ్‌కుమార్‌కి ముప్ఫై రెండేళ్ళు. మొన్నటి దాకా క్రికెట్ ఆడేవాడు. గిరిబాబు ఆ కాగితాలు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. చదవడం రాని వాడిలా అటూ ఇటూ తిప్పి, మళ్ళీ ఇచ్చేశాడు.

“ఆరింటికి రెడీగుండమను పిన్నీ,” అన్నాడు.

మర్నాడు ఆరు కాకముందే విజయ్‌కుమార్ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. సంచిలో తువ్వాలు, దుప్పటి. కారు ఆగగానే ఏ తలుపు తియ్యాలో తెలియక తచ్చాడాడు.

“అన్నా, ముందు కూకోనా, ఎనక్కి కూకోనా?”

“ఎల్లీటప్పుడు ముందు కూకో,” అన్నాడు గిరిబాబు. “వొచ్చీటప్పుడు ఎనకాల తొంగుందువు గాని.”