ఏ లోటూ లేదండి

మా పిన్ని పళ్ళసెట్లు చేసే ల్యాబులో పనిచేసేది. కిటికీ పక్కన బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, ప్లాస్టర్ అచ్చులు, గులాబీ రంగు మైనం. ఇంటికొచ్చి చేతులెంత రుద్దుకున్నా గోళ్ళ సందుల్లో తెల్లగా ప్లాస్టర్ మిగిలేది. ఈ ఊళ్ళో సగంమంది నవ్వేది నా నవ్వేనే, అనేది నాతో. అందరికీ పంచేసి నీకేం మిగుల్చుకోలేదేం, అని అమ్మ దెప్పేది. అమ్మ ఆమెకి అక్క.

కొత్త పళ్ళు పెట్టించుకున్నవాళ్ళకి మొదట్లో నోరు తిరగదు. అలాంటివాళ్ళు ఫిర్యాదుకొస్తే పిన్ని అద్దం ముందు కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం పలికించి పంపేది. అలా ఆమెకి మాట నేర్పే స్పీచ్ థెరపీ చదువు మీద ఆశ పుట్టింది. సాయంకాలం కాలేజీలో ఫీజు లేకుండా రెండేళ్ళు చదివింది. మిగతా చదువు ఊరి అవతలున్న పెద్ద కాలేజీలోనే ఉంది. వాళ్ళు నేరుగా మూడో ఏడాదిలో సీటిచ్చారు.

చిక్కు అక్కడే వచ్చింది. ఫీజు మాఫీ మా కాలేజీ వరకే, మీరిప్పుడు మావాళ్ళు కాదన్నారు పాత కాలేజీవాళ్ళు. కొత్త కాలేజీలో స్కాలర్‌షిప్పులన్నీ మొదటి ఏడాది నుంచీ అక్కడే చదివినవాళ్ళకి. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని పిన్ని నవ్వింది గానీ, ల్యాబు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేది.

చివరికి కొత్త కాలేజీ లైబ్రరీలో పనిచేసే ఆవిడ చెప్పింది. మధ్యలో వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్ళ కోసం ఎవరో పాత విద్యార్థిని పెట్టిపోయిన గ్రాంటు ఒకటుందట. ఏడాదికి ఒక్కరికే. ముగ్గురు పెద్దలు పిలిచి మాట్లాడతారు. అది వస్తేనే సీటు నిలుస్తుంది.

మా ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచీ ఒక అలవాటుంది. బయటివాళ్ళు ఎలా ఉన్నారంటే జవాబు ఒకటే: "మీ దయవల్ల ఏ లోటూ లేదండి." తాతయ్య ఉద్యోగం పోయిన వారం కూడా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అదే చెప్పిందట. మాకందరికీ ఇంటి అడ్రసు కన్నా ముందు వచ్చిన మాట అది.

ఆ రోజు పొద్దున్న అమ్మ తన మంచి కోటు తీసి పిన్నికి తొడిగింది. నా ముత్యాల కమ్మలు పెట్టింది. నిమ్మచెక్కతో గోళ్ళు తోమించింది.

"సాయం అడగడానికి వెళ్తున్నానక్కా, పెళ్ళికి కాదు."

"అడగడానికి వెళ్ళేటప్పుడే బాగా వెళ్ళాలే. లేకపోతే చులకనైపోతాం."

నేను తోడు వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. చదువు గురించి అడిగినవాటికి పిన్ని చక్కగా చెప్పింది. ఆమె ఏదో అంటే లోపల నవ్వులు కూడా వినిపించాయి. తర్వాత ఒక పెద్దావిడ నెమ్మదిగా అడిగింది, ఇల్లెలా గడుస్తోందమ్మా, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని.

"మీ దయవల్ల ఏ లోటూ లేదండి."

ఆవిడ ఇంకోలా అడిగి చూసింది. పిన్ని అదే మాట, ఇంకాస్త మర్యాదగా చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో గోళ్ళు చూసుకుంటూ అంది, "పాపం, రెండుసార్లు అడిగిందే ఆవిడ. చెబుదామనే నోరు తెరిచాను. తీరా మా అమ్మ మాటే వచ్చింది."

అవసరం ఎక్కువున్నవారికే ఇచ్చామని కబురొచ్చింది. సీటు పోయింది. అమ్మ ఆ కోటు దులిపి బీరువాలో పెట్టింది. ఆ చలికాలం తొడుక్కోలేదు. వచ్చే ఏడు చూద్దాంలే అంది పిన్ని. ఆ వచ్చే ఏడు వచ్చాక ఎవరమూ ఆ ఊసెత్తలేదు. అద్దం ముందు అక్షరాలు పలికించడం మాత్రం ఆమె మానలేదు.

పోయినేడు జబ్బు చేసింది. డాక్టరు ఎన్నిసార్లడిగినా నొప్పి లేదనే చెప్పిందట. అసలు సంగతి బయటపడేసరికి చెయ్యి దాటిపోయింది.

ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఒక పొద్దున్న నర్సమ్మ వచ్చి, నొప్పిగా ఉందా అని అడిగింది. అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది.

"చెప్పవే. ఈ ఒక్కసారికి చెప్పు."

పిన్ని దుప్పటి అంచు సరిచేసుకుని, నర్సమ్మకేసి చూసి నవ్వింది. "ఏ లోటూ లేదమ్మా."

అమ్మ లేచి నిలబడింది.

"ఉందమ్మా. చాలా ఉంది. రాత్రంతా దిండు కొరుక్కుంటూ పడుకుంది. ఏదైనా ఇవ్వండి మా చెల్లికి."

నర్సమ్మ పరుగున వెళ్ళి సూది మందు తెచ్చింది. పిన్ని అమ్మ వైపు నిష్ఠూరంగా చూసింది. ఆ తర్వాత నిద్రపోయింది.