కొల్లేటి గట్టుకు బొంతలు మోయించిన టీచరుగారు

మా సైన్సు టీచరుగారు పోయారని మొన్న ఏలూరు నుంచి పోస్టుకార్డు వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే స్కూలు గుమ్మంలో నిలబడి చదివి, కళ్ళు తుడుచుకుని క్లాసుకు వెళ్ళాను. పాఠం మధ్యలో ఆవిడ గుర్తొచ్చి నవ్వొచ్చింది. పిల్లలు వింతగా చూశారు. ఎందుకు నవ్వానో వాళ్ళకు చెప్పలేదు గానీ, ఇక్కడ చెబుతాను.

ఆంధ్రరాష్ట్రం ఇంకా రాని రోజులు. ఏలూరులో ఆడపిల్లల స్కూల్లో తెలుగు చెప్పడానికి కొత్తగా చేరాను. ఆవిడ అప్పటికే అక్కడ పాతకాపు. తెల్లచీర, చేతిసంచిలో ఎప్పుడూ ఓ సుద్దముక్క. ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ ఎవరి అరుగు మీదో గ్రహణం బొమ్మ గీసి, ఎదురొచ్చిన పిల్లలకు పాఠం చెప్పేసేవారు. ఆ ఇంటివాళ్ళు కడుక్కోవాల్సిందే.

ఒక మార్గశిరంలో, అమావాస్యనాడు పిల్లలకు కొల్లేటి గట్టు మీద చుక్కలు చూపించాలని ఆవిడకు తోచింది. మా విద్యార్థినుల్లో ఒకమ్మాయిది గట్టు మీది ఊరే, చేపలు పట్టే కుటుంబం. వాళ్ళింట్లో పడక. పద్నాలుగు మంది పిల్లలు, రెండు ఎడ్లబళ్ళు, తోడుగా నేను.

నాకు పాములంటే చచ్చే భయం. ఎవరికీ చెప్పకుండా ఒక పెట్రోమాక్సు దీపం పట్టుకెళ్ళి వెలిగించాను. గట్టంతా పెళ్ళిపందిరిలా వెలిగింది. ఆకాశంలో ఒక్క చుక్క కనిపిస్తే ఒట్టు. ఆర్పమంటే నేను ఒప్పుకోలేదు. కొల్లేటి పురుగులన్నీ దీపం చుట్టూ చేరాయి. పిల్లలు పల్చటి ఓణీల్లో వణికారు. నిలబడి తలలెత్తి చూసీ చూసీ మెడలు పట్టేశాయి. దోమల సంగతి సరే సరి. గంట తిరక్కుండానే ఇంట్లోకి పరుగెత్తాం. తిరిగొచ్చాక ఒక పిల్లకు జ్వరం.

ఆ పిల్ల తండ్రి స్కూలుకొచ్చి కేకలేశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

"చుక్కలు చూపిస్తామని తీసుకెళ్ళి పెట్రోమాక్సు వెలిగించారట. ఎవరి తెలివండీ అది?"



"నాదేనండీ," అన్నారు టీచరుగారు. "పొరపాటైంది."

ఇకమీదట ఇలాంటి ప్రయాణాలు వద్దని ఆవిడకు గట్టిగా చెప్పారు. బయటికొచ్చి నేను ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చారు. "ఊరుకోండమ్మా. చుక్కల గురించి ఆలోచించాను గానీ పిల్లల వీపుల గురించి ఆలోచించలేదు. చలేస్తే చుక్క కనపడదండీ, చలే కనపడుతుంది."

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని, కేకలేసినాయన ఇంటికి బయల్దేరారు. ఆయన అరుగు మీంచి లేవలేదు. టీచరుగారు నేరుగా పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళారు. "ఏవండీ, రాత్రి ఆరుబయట పడుకోవాలంటే ఏమేం కావాలో నాకు తెలియలేదు. మీరు చెప్పండి, రాసుకుంటాను."

ఆ తల్లి చేతిలో పని పక్కన పెట్టి మొదలుపెట్టింది. తర్వాత ఆగలేదు. "కింద గడ్డి పరిచి చాప వెయ్యాలండీ. ఉత్త చాపైతే చెమ్మ లాగేస్తుంది. దుప్పటి చాలదండీ, బొంత కావాలి. చెవులకు గుడ్డ కట్టాలి."

"కాళ్ళకూ చేతులకూ వేపనూనె రాయమను," అన్నారు అరుగు మీంచి ఆయన. టీచరుగారు అదీ రాసుకున్నారు.

అలా పద్నాలుగు ఇళ్ళూ తిరిగాం. తల కిందికి చుట్టిన పాతచీర ఒకరు చెప్పారు. వేయించిన వేరుసెనక్కాయలు ఇంకొకరు. మరచెంబులో వేడిపాలు మరొకరు. టీచరుగారు తన వంతుగా ఒక్కటే కలిపారు: లాంతరు గాజుకు ఎర్ర కాగితం. ఎర్రటి వెలుగైతే కళ్ళకు చీకటి అలవాటు తప్పదట.

జాబితా సాపు రాసి, కింద తల్లుల సంతకాలూ వేలిముద్రలూ వేయించి, నేనే హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇచ్చాను. ఇస్తూ పెట్రోమాక్సు తెచ్చింది నేనని చెప్పేశాను.

"తెలుసులెండి," అన్నారావిడ. కాగితం రెండుసార్లు చదివి, "మరచెంబుకు గుడ్డ చుట్టమనండి, పాలు చల్లారిపోతాయి," అంటూ సంతకం పెట్టారు.

మళ్ళీ అమావాస్యకు మాతో ముగ్గురు తల్లులు కూడా వచ్చారు. గడ్డి మీద చాపలు, వాటిమీద బొంతల్లో మేము. నీళ్ళవైపు నుంచి బాతుల రొద. పడుకుని చూస్తే ఆకాశం ఎంత దగ్గరికొస్తుందో ఆ రాత్రే తెలిసింది. టీచరుగారు కృత్తికల్ని, గుంపుగా మెరిసే ఆ చిన్న చుక్కల్ని చూపించారు. మాకు పడక ఇచ్చిన ఇంటి చేపలాయన వినయంగా, "మేం దాన్ని పిల్లలకోడి అంటామండీ," అన్నాడు.

"మీ పేరే బాగుందండీ!" అని ఆవిడ లేచి కూర్చుని, ఎర్రలాంతరు దగ్గర రాసుకున్నారు. ఆ తర్వాత మూడు చుక్కల గొల్లకావిడి ఎక్కడో ఆయన చూపించాడు. ఆవిడ పిల్లలతో పాటు విన్నారు.

జ్వరం వచ్చిన పిల్ల తల్లి బొంత గడ్డం దాకా లాక్కుని పైకే చూస్తోంది. చివరికి మెల్లగా అడిగింది. "ఇన్నేళ్ళూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయాండీ?"

"ఇక్కడే ఉన్నాయండీ. మనమే బొంత తెచ్చుకోలేదు."

గట్టంతా నవ్వులే.

తెల్లవారుజామున బళ్ళు కట్టారు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. టీచరుగారు బండెక్కలేదు. పైకి చూసుకుంటూ వెనక నడుస్తున్నారు. మలుపు దగ్గర కాలు జారి చేలో మోకాలి దాకా దిగబడ్డారు. నేను కంగారుగా బండి ఆపించాను. ఆవిడకు ఏ తొందరా లేదు. ఆ బురదలోనే నిలబడి, ఒక చేత్తో తెల్లచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో తూర్పున వేగుచుక్కను నాకు చూపిస్తూ నవ్వుతున్నారు.