నాకు దక్కిన వందన సమర్పణ

పోయిన ఆదివారం పింఛనుదారుల సభలో నేను వందన సమర్పణకు లేవగానే గరగరమని కుర్చీలు జరిగిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. సగం మంది భోజనాలకు వెళ్ళిపోయారు. ఎవరెవరు లేచారో వరసగా చెప్పగలను. అలాంటివి నేను మరిచిపోను. ఈ గుణానికి కూడా ఒక పని ఉందని చూపించినవారు నౌపడ స్టేషన్లో పార్శిల్ గుమాస్తాగా ఉండిన అప్పలస్వామి గారు.

అరవైల చివరి సంగతి. మా అమ్మ ఉప్పు మళ్ళలో పనిచేసేది. తాగే నీళ్ళకు అక్కడి ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడవాలి. దగ్గర్లో ఉన్న మిట్ట మీద తవ్వితే మంచినీళ్ళు పడతాయని అందరికీ తెలుసు. నుయ్యి తవ్వించమని అడగడానికి, తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ముందు నిలబడ్డాను. నోరు పెగల్లేదు. నాతో పాటు ఉప్పు బస్తాలు తూచే కాటా దగ్గర పనిచేసే జగన్నాథం కిసుక్కున నవ్వాడు. అధికారి జీపెక్కేశారు.

ఆ మంటతోనే, అప్పలస్వామి గారు ప్రతి ఆదివారం సాయంత్రం బడిలో నడిపే వక్తృత్వ సంఘంలో చేరాను. అక్కడ ఒకరు అధ్యక్షులు, ఒకరు వక్త, ఒకరు వందన సమర్పణ, అన్నీ వంతులవారీగా. నాకు మాత్రం వారం వారం వందన సమర్పణే. నాలుగో వారం నిలదీశాను.

"అందరికీ ఉపన్యాసాలిచ్చి నాకీ తోక పనేటి బాబూ?"

"ఒరే సింహాచలం, జగన్నాథం గాడు నవ్వింది ఏ రోజురా?"

"మంగళారం. పొద్దున్న పది గంటలకి. నీలం సొక్కా తొడుక్కున్నాడు."

"సూసేవా! నవ్వినోడి సొక్కా గుర్తున్నాది. మరి ఇయ్యాల ఇక్కడ బల్లలేసినోడెవుడు?"

నాకు తెలియలేదు. తీరా చూస్తే వేసింది, నాకంటే ముందే సంఘంలో చేరిన జగన్నాథమే.

"అదీ నీ పని. ఊరికే ధన్యవాదాలనీకు. ఎవుడేటి సేసేడో సూసి, పేరెట్టి సెప్పు. నీలాంటి బుర్ర ఇక్కడెవులికీ నేదు."

జగన్నాథానికి పేరుపెట్టి ధన్యవాదాలు చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. అయినా వారం వారం చెప్పాను. చెప్పడానికైనా చూడాల్సి వచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఆ అధికారి మళ్ళీ వచ్చారు. సభ మా సంఘమే పెట్టింది. నుయ్యి గురించిన ఉపన్యాసం మాత్రం జగన్నాథానికి ఇచ్చారు. నాకు, అనుకున్నట్టే, చివరిది. వారం రోజులు అప్పలస్వామి గారి మొహం చూడలేదు. జగన్నాథం బాగానే మాట్లాడాడు. అధికారి "చూద్దాం" అని గడియారం చూసుకున్నారు. కానీ దండ వేయించుకున్న మనిషి వందన సమర్పణ కాకుండా లేవలేడు. నేను లేచాను.

"అయ్యగారు ఇందాక ఒక గ్లాసు నీళ్ళు తాగారు. అవి తెచ్చిన మా అమ్మ పైడితల్లికి ధన్యవాదాలు. రెండు మైళ్ళు నడిచింది. రెండో గ్లాసు నారాయణమ్మ బిందెలోది. ఆమెకిప్పుడు ఏడో నెల. కాళ్ళు కడుక్కున్న నీళ్ళు ఎర్రమ్మవి. ఆ నీళ్ళతో వాళ్ళింట్లో ఈ పూట వంట కావాలి."

ఇంకా ఎనిమిది పేర్లు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అధికారి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ మిట్ట ఎక్కడ?" అన్నారు. ఎండలు ముదరకముందే నుయ్యి పూర్తయింది. దాని గట్టు మీద చెక్కిన పేర్లలో నాది లేదు. అదీ నేను మరిచిపోలేదు.

సభ ముగిశాక మెచ్చుకుంటారన్న ఆశతో అప్పలస్వామి గారి దగ్గరికి వెళ్ళాను.

"అందర్నీ సెప్పేవు గానీ, మైకు బేటరీ మోసుకొచ్చినోడిని ఒగ్గేసినావురా."

"ఎవుడు బాబూ?"

ఆయన భుజం నా వైపు తిప్పారు. చొక్కా మీద ఆసిడ్ చుక్కలు పడి మూడు చిల్లులు. స్టేషన్ నుంచి ఆ బరువు మోసింది ఆయనే.

"నానూ మర్సిపోన్లే!" అని పెద్దగా నవ్వారు.

నన్ను చిన్నబుచ్చినవాళ్ళ పట్టీ నా దగ్గర చాలా పొడుగ్గా ఉంది. నేను చిన్నబుచ్చినవాళ్ళ పట్టీలో మొదటి పేరు ఆయనది. ఇప్పటికీ ఏ సభకైనా గంట ముందే వెళతాను. మోసేవాళ్ళు వచ్చే వేళ అదే.