నా నవలలో దోషి

నలభై దాటాక నేను నవల రాయడం మొదలుపెట్టాను. అప్పటికి కువైట్ వచ్చి పన్నెండేళ్లు. మా ఆయన ఇంజనీరు, ఉదయం వెళితే సాయంత్రమే రావడం. పిల్లలు బడికి పోయాక ఫింటాస్‌లోని మా ఫ్లాట్‌లో నేనూ, కిటికీలోంచి కనిపించే సముద్రమూ మిగిలేవాళ్లం. చిన్నప్పుడు విజయవాడలో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని చదివిన సస్పెన్స్ నవలలంటే నాకు ప్రాణం. అందుకే నేనూ కృష్ణ ఒడ్డున వందేళ్ల కిందటి ఒక దివాణాన్ని కట్టుకున్నాను. అందులో జమీందారు, ఇద్దరు భార్యలు, ఒక వితంతువు చెల్లెలు, ఇద్దరు దాసీలు. చిన్న దాసి పై అంతస్తు గదిలో చనిపోయి ఉంటుంది. ఎవరు చంపారన్నది కథ.

మా ఇంటికి ఆదివారం, మంగళవారం ఒకావిడ పనికి వచ్చేది. రాయచోటి పక్క మనిషి. మంగఫ్‌లో మరో ముగ్గురు ఆడవాళ్లతో ఒక గదిలో ఉండేది. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ కథ చెబితే చెవులప్పగించేది. ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తుంటే నేను రాసినంత వరకు చదివి వినిపించేదాన్ని. ఒకసారి పెద్ద దాసి తలుపు చాటున నిలబడి రాణుల మాటలు వింటున్నట్టు రాశాను. ఆమె ఇస్త్రీ ఆపి నవ్వింది.

“తలుపు సాటున ఎందుకక్కా నిలబడతాది? ఎదురుగా ఇల్లు తుడుస్తా ఉంటే సాలు. మన ముందరే అన్నీ మాట్లాడేస్తారు. మనముండేది వాళ్లకు లెక్కే ల్యా.”

ఆ మాటను దాదాపు అలాగే నవలలో పెట్టాను. వెబ్ పత్రికలో ఆ భాగం వచ్చినప్పుడు ఎంత నిశితంగా గమనించారండీ అని చాలామంది రాశారు. ధన్యవాదాలు చెప్పాను. ఆ గమనింపు ఎవరిదో చెప్పలేదు.

ఒక మంగళవారం ఆమె తనకు తానే చెప్పుకొచ్చింది. కువైట్‌లో మొదట పని చేసిన ఇంట్లో తనతో పాటు ఇంకో తెలుగు పిల్ల ఉండేదట. పందొమ్మిదేళ్లది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇద్దరి ఫోన్లూ తీసేసుకుని, బయటికి పోయినప్పుడల్లా తలుపుకు తాళం వేసేదట. ఒకనాడు మధ్యాహ్నం గ్యాస్ బండ తెచ్చినతను వస్తే, వంటింటి వెనక తలుపు తెరిచారు. ఆ సందులో ఈమె బయటపడింది. ఆ పిల్ల అప్పుడు పైన ముసలామెకు స్నానం చేయిస్తోంది. పిలిచే వ్యవధి లేదు.

“ఆ పిల్లను ఆడనే ఇడ్సిపెట్టి వచ్చేసినానక్కా,” అంది. అంతలో మా చిన్నవాడు బడి నుంచి వచ్చాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

తర్వాతి ఆదివారం నేనే కదిపాను. వెనక తలుపు ఏ దిక్కున ఉంది, కాళ్లకు చెప్పులున్నాయా, వీధిలో ఎవరైనా చూశారా అని అడిగాను. ఉత్త కాళ్లతో తారు రోడ్డు మీద పరుగెత్తానని చెప్పింది. అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ పిల్ల ఏమైందని మాత్రం అడగలేదు. నా నవలలో ఆ పిల్ల ఎలాగూ చచ్చిపోయి ఉంది. అందుకేనేమో, అడగాలన్న ఆలోచనే రాలేదు.

ముగింపు దగ్గర నా కథ తడబడింది. జమీందారు చెల్లెలిని దోషిని చేద్దామనుకున్నాను. పాఠకులు ముందే పసిగట్టేస్తారని సంపాదకుడు అన్నాడు. రెండు వారాలు తన్నుకులాడాక నాకు దారి దొరికింది. నీళ్ల కావడివాడు వచ్చిన సందులో పెద్ద దాసి పారిపోతుంది. చిన్నది వెంటపడి అరిస్తే తాను దొరికిపోతానని, పోయేముందు ఆ గదికి బయట గడియ పెట్టి పోతుంది. ఆ గదిలోనే చిన్నదాని ప్రాణం పోతుంది. అన్ని ప్రకరణాల్లో పాఠకులు ఎవరి మీద జాలిపడ్డారో ఆమే దోషి. రాసి పెన్ను కింద పెట్టినప్పుడు ఎంత సంతోషించానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరి భాగం వెబ్ పత్రికలో ఆడియోగా వచ్చిన శుక్రవారం స్నేహితురాళ్లను టీకి పిలిచాను. ఇంజనీర్ల భార్యలు, ఒక డాక్టరు. సాయం చేయడానికి మా పనావిడనూ రమ్మన్నాను. హాల్లో ఎవరో ఫోన్‌ను స్పీకర్‌కు కలిపారు. ముగింపు రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. “ఆ పనిమనిషేనని అస్సలు ఊహించలేదండీ!” అంది డాక్టరు. పనావిడ ట్రేతో వచ్చి కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

అందరూ వెళ్లాక వంటింట్లోకి వెళ్లాను. కప్పులన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి.

“అక్కా, నేను గడియ పెట్టల్యా,” అంది.

“అది నువ్వు కాదే. కథ. వందేళ్ల కిందటి సంగతి.”

“నేనే కదక్కా. గ్యాసాయప్పను కావడాయప్పను చేసినావు. ఉత్త కాళ్లతో ఉరికింది నేనే కదా.”

ఆమె గొంతు పెంచలేదు.

“మూడో రోజు నేనే పోలీసు స్టేషన్‌కు పోయినా. నా ఇఖామా కార్డు మామా దగ్గరే ఉండిపోయింది. ఈ దేశంలో ఉండే ఆ కార్డు ల్యాకుండా పోతే నన్నే లోపలేస్తారని అందరూ చెప్పినారు. అయినా పోయి ఆ ఇల్లు సూపించినా. ఆ పిల్లను బయటికి తెచ్చి ఊరికి పంపించినారు. నన్ను నెల దినాలు లోపల పెట్టుకున్నారు.”

“ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వు అడగల్యా.”

మర్నాడే సంపాదకుడికి ఫోన్ చేసి ముగింపు మార్చాలన్నాను. పుస్తకం అచ్చుకు వెళ్లబోతోందని, ఆ మలుపే నవలకు ప్రాణమని అన్నాడు. గట్టిగా పట్టుబడితే ఆగేదే. నేను పట్టుబట్టలేదు. చప్పట్ల రుచి అప్పటికే తెలిసింది. పుస్తకం అదే ముగింపుతో వచ్చింది.

ఆమె ఎప్పటిలాగే వచ్చేది, ఇస్త్రీ చేసేది. నేను చదవడం మానేశాను. ఆమె అడగడం మానేసింది. రెండు నెలల తర్వాత వేరేచోట పని కుదిరిందని చెప్పి మానుకుంది.

ఏడాది గడిచాక, ఒక శుక్రవారం ఉదయం, చెప్పుకోవలసిన క్షమాపణ నోట్లో పెట్టుకుని మంగఫ్‌లోని ఆమె గదికి వెళ్లాను. మంచం మీద దుప్పటి సర్ది కూర్చోబెట్టింది. పాలు లేని సులైమానీ టీ ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపు ఆమె ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరమీద ముప్పై ఏళ్లావిడ, ఒళ్లో పసిపాప. వెనకాల పెరట్లో ఆరేసిన బట్టలు.

“ఆ పిల్లేనక్కా. ప్రతి శుక్రవారం చేస్తాది,” అని ఫోన్ నా వైపు తిప్పింది. “ఈ అక్క కథలు రాస్తాదిమే.”

“అవునా? ఏం కథలు?” అని అడిగింది ఆ అమ్మాయి.

నాకన్నా ముందు ఆమే అంది, “పాతకాలంవిలే, రాజులవీ రాణులవీ. పాపకు జరం తగ్గిందా?”

తగ్గిందని చెప్పి ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. “నన్ను కూడా ఒక కథలో పెట్టక్కా,” అంది.

సరే అనలేకపోయాను. ఆమె మెల్లగా ఫోన్ తన వైపు తిప్పుకుని, పాపకు ఏ మందు పోస్తున్నారో అడగసాగింది.