మా ఓనర్ సారు కండ్లల్ల నీళ్ళు ఎందుకొచ్చినయంటే

ముందుగాల్నే చెప్పుకుంట, నేను ఇదివరకు ఏనాడూ ఏమీ రాయలే. ఐదో తరగతి దాకనే చదివిన. మహిళా సంఘం మీటింగుల సంతకం, పెండ్లి కార్డుల మీద చుట్టాల పేర్లు, నా రాతంతా గంతే. నోటితోని చెప్పుదామంటే నలుగురి ముందట నాకు గొంతు లేవదు. చెప్పకుంట ఉందామంటే పోయిన ఆదివారం సంది ఒక్క తాన కూసోబుద్ధి అయితలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళ ఊడుస్తున్న. అందుకే రాస్తున్న.

మా ఊరి పేరు మాత్రం చెప్ప. ఇల్లందు దాటినంక అడివి అంచుకు ఉంటది, గంతవరకు చాలు. మా ఊరి మగోళ్ళు ఇది చదువుతరేమో అన్న భయం కూడా లేదు. వాళ్ళు పేపర్ల ఆటల పేజీ తప్ప ఇంకో పేజీ తిప్పరు.

సంగతేందంటే, ఊరందరి ముందట మా ఫుట్‌బాల్ టీమ్ ఓనర్ సారు వలవల ఏడ్చిండు. ఆయన మనసు ఎంత మెత్తనో అని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటున్నరు. ఎందుకేడ్చిండో నాకు ఎరుక. ఎందుకంటే, ఏడిపించింది నేనే!

మా టీమ్ పేరు ఎర్రమట్టి ఎలెవన్. బాయిల బొగ్గు తీసి రిటైరైన మల్లయ్య తాత, వయసుల ఉన్నప్పుడు దోస్తులతోని కలిసి పెట్టిండు. రెండేండ్ల కింద కొత్తగూడెంల ఉండే ఒక లారీల కాంట్రాక్టరు సారు వచ్చి బూట్లు కొనిచ్చి, జెర్సీలు కుట్టిచ్చి ఓనర్ అయ్యిండు. గప్పటి సంది మా ఊరు రెండు పార్టీలు.

మా ఆయన షేర్ ఆటో నడుపుతడు. ఆయన ఓనర్ పార్టీ.

"ఓనర్ లేకుంటే టీమ్‌కు గ్రోత్ ఎట్లొస్తది తాతా? ఇయ్యాల రేపు గ్రోత్ ముఖ్యం!" అంటడు.

"ఏం పెరిగింది రా? జెర్సీ మీద ఆయన ఫోటో పెరిగింది. పోయినేడు ఆధార్ కార్డు మీద ఉన్నంత ఉండె, ఈయేడు క్యాలెండర్ అంత అయ్యింది. వచ్చే ఏడు మా పోరగాండ్ల నంబర్లు యాడ ఏస్తరు? నొసటి మీదనా?" అంటడు మల్లయ్య తాత.

ఇద్దరు మా అరుగు మీదనే కొట్లాడుతరు. నేను చాయ్ పోస్త. నా పార్టీ ఏందని ఎవరూ అడగలే.

కానీ నాకు ఆ ఆటంటే పానం. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలే. ఆదివారం నాలుగైతే గోల్ పోస్టు ఎనకాల తునికి చెట్టు కింద నిలబడత. ఇంట్ల గిన్నె చప్పుడు కూడా కానియ్యని దాన్ని, గోల్ పడిందంటే ఎగిరి కేక పెడత! అందరూ ఒర్రుతనే ఉంటరు కాబట్టి ఎవరి కేక అని ఎవరూ చూడరు. వారం మొత్తంల నా గొంతు నాకు గట్టిగ ఇనబడేది గా ఒక్క గంటనే.

గిట్లుండంగ పిడుగసొంటి వార్త వచ్చింది. ఓనర్ సారు టీమ్‌ను ఖమ్మం తీసుకపోతడట! ఖానాపురం హవేలి దిక్కు లైట్ల కింద ఆడే కొత్త టర్ఫ్ గ్రౌండ్ ఉందట, ఆడనే మ్యాచ్‌లట, పేరు కూడా మారుస్తరట. ఆదివారం సాయంత్రం మా గ్రౌండ్‌లనే మీటింగ్ పెట్టి చెప్తరని కబురొచ్చింది. గ్రోత్, గ్రోత్ అన్న మా ఆయన గూడ తల పట్టుకున్నడు.

"గ్రోత్ అంటే ఇక్కడ పెరుగుడు అనుకున్న గానీ, గిట్ల లేచిపోవుడు అనుకోలే" అన్నడు.

ఖమ్మం పోయి చూసేంత దాన్నా నేను? టీమ్ పోతే ఆదివారం నేను కేక ఎక్కడ పెట్టాలె?

ఇగ అసలు కథ. మా గ్రౌండ్ గట్టి నేల, నున్నగ ఉంటది. మిర్చి కోతలు మొదలైతే ఎడమ కార్నర్ల మేము మిర్చి ఆరబోసుకుంటం. ఏటేటా ఉన్నదే. టీమ్ కెప్టెన్ సురేష్ నాకు వరుసకు మరిది. సున్నంతోని గీత గీసి, "వదినా, ఈ గీత దాటొద్దు, దాటితే ఎల్లో కార్డు!" అంటడు. మ్యాచ్ ఉన్నరోజు పొద్దుగాల్నే ఎత్తి కుప్ప చేసి కప్పేస్తం. ఆ ఆదివారం మ్యాచ్ లేదు, మీటింగే కదా, అది కూడా అయిదింటికి కదా అని నీలం పట్టా పరిచి మొత్తం పోసిన. మూతికి తువ్వాల చుట్టుకొని రంగు పోయిన తాలు కాయలు ఏరుకుంట కూసున్న. ఆలోచనంతా టీమ్ మీదనే.

మూడింటికి సురేష్ ఉరికొచ్చిండు.

"వదినా, ఎత్తు ఎత్తు! సారు కారు బయలెల్లిందట! జల్దీ!"

బస్తాలల్ల ఎట్ల నింపిన్నో నాకే తెల్వదు. నింపుడు అయిందో లేదో మా ఆయన వచ్చిండు.

"టెంటోడు కుర్చీలు తెచ్చిండు, కింద పరిచేది మర్శిండు. నీ పట్టా ఇయ్యి."

"అది మిర్చిదయ్యా!"

"దులుపు!"

దులిపిన. నాలుగు సార్లు దులిపిన. అయినా ఘాటు పోలే. అప్పుడు నాకొక తెలివి తట్టింది చూడండ్రి... పట్టా తిరగేసి పరిచిన! పైకి చూస్తే కొత్తదాని లెక్క నీలంగ మెరుస్తంది. మిర్చి పొడి, గింజలు, తొడిమలు అన్నీ కిందికి పోయినయి. మా ఆయన గూడ "శభాష్" అన్నడు. పెండ్లయిన సంది ఆయన నన్ను శభాష్ అనుడు గదే మొదలు.

గంతల టెంటోడు ఇంకో సామాన్ దించిండు. స్టాండు ఫ్యాను! ఇంత పెద్దది. తెచ్చి సరిగ్గ ఓనర్ కుర్చీ ముందట, పట్టా అంచు కాడ పెట్టిండ్రు. పట్టా కింద ఏముందో నాకు ఎరుక. "ఫ్యాను వద్దు" అని రెండు ముక్కలు అంటే అయిపోతుండె. ఊరి మగోళ్ళందరూ అక్కడనే ఉన్నరు. గొంతు లేస్తదా! ఎట్లనో సురేష్ అంగీ పట్టి గుంజిన.

"సురేషూ... ఫ్యాను..."

"అవ్ వదినా, ఎండ బాగ కొడుతంది" అని దాన్ని ఫుల్లు స్పీడు మీద పెట్టి పోయిండు.

ఓనర్ సారు దిగిండు. తెల్ల అంగీ, తెల్ల ప్యాంటు. ఎవరూ చప్పట్లు కొట్టలే. మల్లయ్య తాత అయితే మొఖం అడివి దిక్కు తిప్పుకున్నడు. సారు మైకు పట్టిండు.

"మిత్రులారా! మన క్లబ్బు భవిష్యత్తు కోసం నేను ఒక కఠినమైన నిర్ణయం..."

పట్టా అంచు ఒక్కసారి పైకి లేచి టపటప కొట్టుకుంది.

"నిర్ణయం... నిర్ణ..."

రెండు తుమ్ములు. దగ్గు. కండ్లకెల్లి నీళ్ళు బొటబొట! ముందు వరుసల కూసున్న ఆటగాళ్ళు గూడ ముక్కులు తుడుచుకుంటున్నరు. సారు మళ్ళ మైకు దగ్గరికి తెచ్చిండు. "నేను... మిమ్ముల..." అన్నడు. ఇగ మాట పెగల్లేదు.

నాకు పానం ఆగలే. నా వల్లనే కదా అని, సిగ్గు గిగ్గు మర్శిపోయి, బిందెల తువ్వాల ముంచి పిండుకొని ఉరికిన. "తుడుచుకోండ్రి సారూ" అని చేతికిచ్చిన. ఆయన రెండు కండ్లకు గట్టిగ అద్దుకున్నడు.

అద్దుకున్నంక యాదికొచ్చింది. పొద్దటి సంది మిర్చి ఏరుకుంట నేను మూతికి చుట్టుకున్న తువ్వాల గదే!

సారు కెవ్వుమని లేచి నిలబడ్డడు. కండ్లు తెరువస్తలేదు. చేతులు గాలిల ఆడుతున్నయి. చెంపల మీద నీళ్ళు కారుతనే ఉన్నయి. మల్లయ్య తాత మెల్లగ లేచి పోయి మైకు అందుకున్నడు.

"సారూ, రెండేండ్ల సంది నిన్ను తిట్టని రోజు లేదు. నీకు మా మీద పానం లేదనుకున్న. తప్పు నాదే. గింత ఏడుస్తున్నవంటే... మమ్ముల ఇడిసిపెట్టి పోవు కదా?"

సారుకు మళ్ళ దగ్గు పట్టింది. దగ్గు దగ్గుకు తలకాయ కిందికి మీదికి ఊగింది.

"ఊపిండు! తల ఊపిండు!" అని మా ఆయన ఈల కొట్టిండు.

ఇగ ఆగుతరా! ఆటగాళ్ళు సారును భుజాల మీదికి ఎత్తుకున్నరు. డప్పులొచ్చినయి. మల్లయ్య తాత గూడ కండ్లు తుడుచుకున్నడు, ప్రేమతోనో మిర్చితోనో నాకైతే తెల్వదు. సారును గట్లనే కారు దాక మోసుకపోయి ఎక్కించిండ్రు. పాపం, ఆయన కండ్లు తెరిచేసరికి కారు ఊరు దాటే ఉంటది.

ఆ రాత్రి మా ఆయన, మల్లయ్య తాత ఒక్క కంచం ముందట కూసొని తిన్నరు. నాకు మాత్రం ముల్లు మీద కూసున్నట్టే ఉంది. టీమ్ పోలేదని సంబురపడాలె కదా! కానీ చేత్తోని కొట్టిన గోల్ లెక్క అనిపిస్తంది. రెఫరీ చూడలే, ఊరంతా ఎగురుతంది, కొట్టిన చెయ్యికి మాత్రం ఎరుకే.

తెల్లారి మొదటి బస్సుకే కొత్తగూడెం పోయిన. దారిల మెడికల్ షాపుల రోజ్ వాటర్ సీసా కొన్న. ఆఫీసు ముందట చాన సేపు నిలబడ్డ, రెండు సార్లు ఎనక్కి తిరిగిన. చివరికి లోపటికి పోయిన. ఓనర్ సారు నల్లద్దాలు పెట్టుకొని కూసున్నడు. సీసా టేబుల్ మీద పెట్టి, నేల చూసుకుంట అన్న.

"సారూ... నిన్న తువ్వాల..."

"మిర్చిది కదమ్మా?" అన్నడు. "ప్యాంటుకు అంటిన గింజలు మా ఇంటామె చూపిచ్చింది. నాకు రాత్రే తెలిసింది."

సీసా ఆయన దిక్కు జరిపిన.

"మీరు ఏం చెప్పబోయిండ్రో నాకు ఎరుకే సారూ. నా వల్ల ఆగింది. ఊరోళ్ళకు నిజం చెప్పుమంటే చెప్త."

ఆయన అద్దాలు తీసిండు. కండ్లు పండు మిర్చి లెక్కనే ఉన్నయి.

"వద్దమ్మా. రెండేండ్లల్ల మీ ఊళ్ళె నన్ను మంచోడు అన్నది నిన్ననే. పొద్దటి సంది ఫోన్లే ఫోన్లు. మల్లయ్య నాకు జొన్నరొట్టెలు పంపుతడట! ఇప్పుడు టీమ్ తీసుకపోతే నా మొఖం ఎవడు చూస్తడు? ఈడనే ఉంచుత, గ్రౌండ్ బాగు చేయిస్త, గడ్డి ఏయిస్త. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు." సీసా చేతిలకు తీసుకొని, "నువ్వు మ్యాచ్‌లు చూస్తవా?" అని అడిగిండు.

"అవ్ సారూ."

"మరి చెప్పు, టీమ్ కోసం ఇంకేం చేయాలె?"

చూడండ్రి, నన్ను అడిగిండు! జెర్సీ మీద ఫోటో చిన్నగ చేయుమని, ఆడపిల్లలకు గూడ ఒక టీమ్ పెట్టుమని, చెట్టు కింద నిలబడి చూసేటోళ్ళకు నాలుగు మెట్ల గ్యాలరీ కట్టుమని, రెండేండ్ల సంది మనసుల దాచుకున్నయి అన్నీ నోటి దాకా ఉరికొచ్చినయి. నోట్లకెల్లి బయటికొచ్చింది మాత్రం గిది:

"సారూ... గడ్డి ఏసేటప్పుడు ఆ ఎడమ కార్నర్ ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి. మిర్చి ఆరబోసుకుంట."

మిర్చి అన్న మాట ఇనంగనే ఓనర్ సారు మళ్ళొకసారి తుమ్మిండు.