మాప్ పట్టిన ప్రెసిడెంట్

నీలగిరి తైలం కలిపిన ఫ్లోర్ క్లీనర్ వాసన ఎక్కడ తగిలినా నాకు నోట్లో పులిహోర పులుపు ఊరుతుంది, ఆ వెంటనే చెవులు వేడెక్కుతాయి. పులిహోర సంగతి చెప్పడం తేలికే. చెవుల సంగతి చెప్పడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది.

తొమ్మిదేళ్లప్పుడు గుంటూరు నుంచి అమ్మానాన్నల వెంట సిడ్నీ వచ్చిపడ్డాను. క్వేకర్స్ హిల్‌లో అప్పటికి తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఉగాది అక్కడ ఆకులు రాలి చలి మొదలయ్యే వేళకి వచ్చేది. వేప పువ్వు దొరక్క పచ్చడిలో చేదుకి కాకరకాయ తరిగి వేసేవాళ్లు, అద్దెకి తీసుకున్న హాలు నిండా అల్యూమినియం ట్రేల్లో పులిహోర, ఇంగువ ఘుమఘుమలు, పట్టుచీరల మీద స్వెట్టర్లు తొడుక్కున్న ఆంటీల కబుర్లు, బయట కార్ల మధ్య టేపు చుట్టిన టెన్నిస్ బంతితో మా క్రికెట్టు, అద్దం పగిలితే ఎవడు కొట్టాడో ఎవడికీ తెలియకపోవడం. అబ్బ, ఎంత గోల చేసేవాళ్లమో!

మా తెలుగు సంఘానికి మొదటి ప్రెసిడెంట్ మూర్తి అంకుల్. పద్ధతులేవీ ఆయన రాసి పెట్టలేదు, చేసి చూపించారంతే. ఎవరైనా "ప్రెసిడెంట్ గారూ" అంటే "ఊరుకోండి బాబూ, ఎందుకొచ్చిన గోల" అనేవారు. పిల్లా జెల్లా అందరూ తిన్నాక ఆఖరి ప్లేటు ఆయనది. హాలు ఖాళీ అయ్యాక ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మాప్ పట్టుకుని, ఆ నీలగిరి తైలం క్లీనర్‌తో నేలంతా ఆయనే తుడిచేవారు. రెండేళ్ల పదవి రెండుసార్లు చేశాక, అందరూ బతిమాలుతున్నా వినకుండా హాలు తాళాలు తర్వాతి ఆయన చేతిలో పెట్టేశారు. ఇక ఆ తర్వాత వచ్చినవాళ్లంతా చచ్చినట్టు అలాగే తుడిచారు, అలాగే దిగిపోయారు.

ఆయన ప్రెసిడెంట్‌గా ఉన్న ఆఖరి ఏడు నేను ఆరో క్లాసు. బడిలో అమెరికా మొదటి అధ్యక్షుడి మీద మాట్లాడితే టీచర్ మెచ్చుకుందని, ఆ ఉపన్యాసమే ఉగాది స్టేజీ మీద కూడా దంచేశాను. రాజుల బిరుదుల్లాంటివి వద్దన్నాడనీ, రెండు దఫాలు కాగానే పొలానికి వెళ్లిపోయాడనీ, వెనక వచ్చినవాళ్లకి అదే దారి అయిందనీ. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మూర్తి అంకులే. అలాంటి మనిషి మా హాల్లోనే ఉన్నాడని ఈ మట్టిబుర్రకి తట్టలేదు.

ఆ రోజు నా బడి స్నేహితుడు జేక్‌ని కూడా పిలిచాను. తిన్నాక బయటికి వెళుతుంటే వాడు మాప్ పట్టుకున్న అంకుల్ వైపు చూపించి "హూజ్ దట్?" అన్నాడు. ప్యాంటు మడుచుకున్న ఆ మనిషి మా వాడని ఒప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది.

"జస్ట్ ద క్లీనర్," అన్నాను.

అంకుల్ చేయి ఒక్క క్షణం ఆగింది. "ఒరే కిట్టూ, నేల తడిగా ఉంది, ఆ పక్కనుంచి వెళ్లండి నాన్నా, జారతారు," అన్నారు. ఆయన అమ్మకి చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. చెప్పి నాలుగు తన్నించినా బాగుండేది.

ఇప్పుడు ఆ సంఘానికి నేనే ప్రెసిడెంట్‌ని. తుడవడానికి కాంట్రాక్టు మనుషులొస్తారు, స్టేజీ మీద నాకు వెల్వెట్ కుర్చీ, మొదటి ప్లేటు కూడా నాకే. మొన్న ఉగాదికి నా రెండో దఫా అయిపోయింది. దిగిపోవాలని ఎక్కడ రాసుంది, చూపించండి అని వాదించాను. ఎవరు చూపిస్తారు! చప్పట్లు కొట్టి మూడోసారి దండ వేశారు. స్టేజీ దిగుతుంటే మా అమ్మాయి మేఘ పరిగెత్తుకొచ్చింది, మ్యాంగో లస్సీ ఒలకబోసుకుందట.

"డాడ్, మాప్ ఎక్కడ పెడతారు?"

నాకు తెలియదు. నాలుగేళ్లుగా తాళాలు నా జేబులో ఉన్నాయి, మాప్ ఏ అల్మరాలో ఉంటుందో నాకు తెలియదు.

వెనక వరసలోంచి మూర్తి అంకుల్ మోకాళ్లు పట్టుకుని లేచారు, వంటగది పక్కకి వెళ్లారు, మాప్ తెచ్చారు, ప్యాంటు మడిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అంకుల్, ఇలా ఇవ్వండి," అన్నాను.

"వద్దులేరా కిట్టూ, పట్టుపంచె తడుస్తుంది. ఫోటోకి పిలుస్తున్నారు, పో."

పోయాను. సిగ్గులేకుండా పోయి నిలబడి నవ్వాను. ఫోటోలో నా దండ పక్కన, వెనకగా, మాప్ పట్టుకున్న ఒక చేయి పడింది. అది కత్తిరించి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నదీ నేనే.

కాకరకాయ పచ్చడి పోయింది, ఇప్పుడు వేప పువ్వు షాపులో దొరుకుతోంది. టేపు బంతి పోయింది. ఆఖరి ప్లేటు తినే ప్రెసిడెంట్ పోయాడు, ఆ పద్ధతిని పోగొట్టింది ఎవరో కాదు, దాని మీద స్టేజీ ఎక్కి ఉపన్యాసం దంచినవాడే. ఆ రోజు కారులో ఇంటికొస్తూ, మాప్ తెచ్చినాయన గురించి మేఘ అడిగింది, "హూజ్ దట్, డాడ్? క్లీనరా?" అని. రేడియో సౌండు పెంచాను.