నా భర్త పేరు చెక్కిన డబ్బా

సహోదరులారా, సహోదరీమణులారా, నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే పాస్టరమ్మగారు రాస్తున్నారు. పోయినేడు మన మందిరంలో నిలబడి, దేవుడు నాకు మోషే వంటి వకీలును ఇచ్చాడని సాక్ష్యం చెప్పాను, మీరంతా హల్లెలూయ అన్నారు. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను. దేవుని తప్పు కాదు, నా తొందర!

నా భర్త దాలయ్య చనిపోయిన నెల తిరగకముందే మా బావగారు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఆ రెండు గదుల కోసం మూడేళ్ళు పాతపట్నంలో బస్సెక్కి కోర్టుకు తిరిగాను, ప్రతి వాయిదాకూ వకీలు బాబుకు సున్నుండలు చేసి స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాను. మూత మీద నా భర్త పేరు చెక్కించిన డబ్బా అది. ఒక వాయిదాకు సున్నుండలు తిన్నాడు, డబ్బా మాత్రం ఇవ్వలేదు, అడిగితే రేపన్నాడు.

తర్వాతది చెప్పడానికి సిగ్గుగా ఉంది, చెప్పకపోతే సాక్ష్యం కాదు. కారు నీడలో పెట్టుకునే చోటు కోసం ఆయనకు ఇంకో వకీలుతో గొడవ. అంతే! అంత చదివినవాడు, నల్లకోటు తొడిగేవాడు, నా డబ్బాలో దొడ్డికి కూర్చుని, మూత పెట్టి, పట్టపగలు ఆ వకీలు కారు మీద పెట్టి వచ్చాడు! అంతకుముందు రెండుసార్లు మిఠాయి అట్టపెట్టెల్లో పెట్టాడట, అవి అయిపోయాయి కాబోలు, మూడోసారి నాది దొరికింది!

ఆ డబ్బా ఎవరిదో కోర్టు వరండాలో అందరికీ తెలుసు. వకీళ్ళ తప్పులు విచారించే పెద్దలు నన్ను రమ్మని కాగితం పంపారు. మా తోడికోడలు వాకిట్లో నిలబడి, "ఒసే, మా మరిది సచ్చినాక కూడా కోర్టుకెళ్ళి ఏటి సేసొచ్చినాడే?" అని ఊరంతా వినేలా నవ్వింది. వకీలు కబురు పెట్టి, "డబ్బా బస్సులో పోనాదని సెప్పు. నాకిచ్చినానన్నావో, నీ ఇంటి కాగితాలు నా కాడే ఉన్నాయి, సూసుకో" అన్నాడు.

ఉపవాసముండి ప్రార్థించాను, మర్యాదగా కాదు, మండిపడుతూ ప్రార్థించాను. "ఏటి ప్రభువా ఇది? ఇల్లడిగితే కంపు ఇస్తావేటి? బతికినన్నాళ్ళూ మా ఆయన ఒకరి జోలికి పోనేదు, ఆ మనిషి పేరుకి ఈ మురికేటి? నాకు బయమేస్తన్నాది, అబద్దం నోటి దాకా వచ్చేస్తన్నాది, నువ్వే ఆపు!"

దర్శనమేమీ రాలేదు. విచారణ రోజున వకీలు ఎదుటే పెద్దలు డబ్బా చూపించారు, మూత మీద పేరు చూశాను. నేను చదవగలిగిన అక్షరాలు లోకంలో ఆ మూడే. వాటిని చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను, భయం ఎటు పోయిందో తెలియదు!

"నాదే బాబూ. ఈ బాబుకే ఇచ్చినాను. నేనిచ్చినప్పుడు సున్నుండలే ఉన్నాయి" అన్నాను. పెద్దల్లో ఒకాయన రుమాలుతో మూతి మూసుకున్నాడు.

కొన్నాళ్ళపాటు కోర్టులో వాదించకూడదని వకీలుకు ఆజ్ఞ వేశారు, నా కాగితాలు నాకిమ్మన్నారు. నేల మీద విసిరాడు, ఏరుకున్నాను. ఇప్పుడు ఒక వకీలమ్మ చూస్తోంది, కేసు ఇంకా తేలలేదు, ఇల్లు దక్కుతుందో లేదో నాకు తెలియదు. అయినా పెద్దమనుషుల్ని చూస్తేనే వణికే ఆ వణుకు నుంచి ప్రభువు నన్ను విడిపించాడు, దేవునికే మహిమ!

మీలో ఎవరినైనా బెదిరించి అబద్ధం చెప్పమంటుంటే మా ఇంటికి రండి, అది నాదిగా ఉన్నంతవరకు తలుపు తీసే ఉంటుంది. చాప మీద కూర్చుని ఇద్దరం ఆయన్ని అడుగుదాం. కోపమొస్తే కోపంగానే అడగండి, నా అరుపులు విన్నవాడు మీవీ వింటాడు.